బ్రెయిన్ డెడ్, కోమా, వెజిటేటివ్ స్టేట్.. డాక్టర్లు తలో మాట చెబితే కుటుంబం ఎవరిని నమ్మాలి? చట్టం ఏం చెబుతోంది?

కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపు రోడ్డు ప్రమాదంలో తలకు గట్టి దెబ్బ తగిలితే తర్వాత ఏం జరుగుతుందో ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 108లో ముందు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి, అక్కడి నుంచి నెల్లూరుకు, ఇంకా సీరియస్ అయితే చెన్నైకి. ఐసీయూలో వెంటిలేటర్ పెడతారు. మూడో రోజో నాలుగో రోజో ఒక డాక్టర్ బయటికొచ్చి "ఇంక ఏం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. అదే సాయంత్రం రిపోర్టులు వాట్సాప్‌లో పంపిస్తే ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ "తొందరపడొద్దు, కొన్నాళ్లు చూడండి" అంటారు.

ఇక బయట కుర్చీల్లో కూర్చున్న కుటుంబం రెండుగా చీలిపోతుంది. "నాయన కళ్లు తెరిచాడు, నన్నే చూస్తన్నాడు" అని కూతురు. "ఎందుకమ్మా ఆయన్ని ఇంకా బాధపెట్టేది" అని పెదనాయన. అప్పటికే పొలం మీద అప్పు మొదలై ఉంటుంది.

ఇలాంటప్పుడు ఇద్దరు డాక్టర్లలో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోవడం సహజం. చాలాసార్లు అసలు సంగతి వేరు. ఇద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడటం లేదు. ఒకరు ఈరోజు పరిస్థితి చెబుతున్నారు, ఇంకొకరు మూడు నెలల తర్వాత ఎలా ఉండొచ్చో చెబుతున్నారు. ఒకరు స్కాన్ చూసి మాట్లాడుతున్నారు, ఇంకొకరు పేషెంట్‌ని చూసి మాట్లాడుతున్నారు. అన్నిటికన్నా పెద్ద గందరగోళం "బ్రెయిన్ డెడ్" అనే మాటతోనే వస్తోంది.

నాలుగు మాటలు, నాలుగు స్థితులు

బ్రెయిన్ డెడ్ అంటే మెదడు మొత్తం, అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్‌తో సహా, తిరిగి రాని విధంగా ఆగిపోవడం. సొంతంగా ఊపిరి ఉండదు. గుండె కొట్టుకునేది వెంటిలేటర్ ఇస్తున్న ఆక్సిజన్ వల్లే. ఇందులోంచి కోలుకోవడం అనేది లేదు.

కోమా అంటే మెదడు బతికే ఉంది, కానీ మనిషి కళ్లు తెరవడు, లేపినా లేవడు. ఇది సాధారణంగా కొన్ని వారాలకు మించి ఉండదు. కోలుకోవడమో, చనిపోవడమో, మూడో స్థితిలోకి వెళ్లడమో జరుగుతుంది.

ఆ మూడోదే వెజిటేటివ్ స్టేట్. కుటుంబాల్లో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మనిషి కళ్లు తెరుస్తాడు, నిద్రపోతాడు, మేలుకుంటాడు, ఆవలిస్తాడు, ఒక్కోసారి నవ్వినట్టు ఉంటుంది, కన్నీళ్లూ వస్తాయి. ఊపిరి సొంతంగానే తీసుకుంటాడు. కానీ తన గురించి గానీ, చుట్టూ ఉన్నవాళ్ల గురించి గానీ తెలివి ఉన్నట్టు ఆధారం దొరకదు. ఇక నాలుగోది మినిమల్లీ కాన్షస్ స్టేట్. తెలివి కొద్దిగా ఉంటుంది, కానీ వస్తూ పోతూ ఉంటుంది. ఉదయం చెయ్యి నొక్కమంటే నొక్కుతాడు, మధ్యాహ్నం డాక్టర్ వచ్చి అడిగితే నొక్కడు.

మరి బ్రెయిన్ డెడ్ అని ఎలా తేలుస్తారు? అవయవదానం చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల ప్యానెల్ ఉండాలి. పరీక్షలు రెండుసార్లు చేయాలి, మధ్యలో కనీసం 6 గంటల గ్యాప్ ఉండాలి. కంటిపాప వెలుతురుకు స్పందిస్తుందా, గొంతులో ట్యూబ్ కదిపితే దగ్గు వస్తుందా అని చూస్తారు. చివరిది ఆప్నియా టెస్ట్. అంటే వెంటిలేటర్ శ్వాస ఆపి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, సొంతంగా ఊపిరి తీసుకునే ప్రయత్నం చేస్తున్నాడా అని గమనించడం. కేంద్ర చట్టం 1994లో వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంతంగా చట్టం చేసుకుంది. ఇప్పుడు జీవన్‌దాన్ కింద జరిగే అవయవదానాలకు పునాది ఈ పరీక్షలే.

కేస్ షీట్‌లో "జీసీఎస్ 3" అని రాసి ఉంటే అది బ్రెయిన్ డెడ్ అన్నట్టు కాదు. జీసీఎస్ అనేది 3 నుంచి 15 వరకు వేసే ఒక స్కోరు. మత్తు మందు ఎక్కువ ఇచ్చినా 3 చూపించొచ్చు. గొంతులో ట్యూబ్ ఉంటే మాటకు స్కోరు వేయలేరు కూడా. సీటీ స్కాన్ కూడా అంతే. మెదడులో రక్తం ఎక్కడ గడ్డకట్టిందో, వాపు ఎంత ఉందో చూపిస్తుంది. తెలివి ఉందో లేదో సీటీ స్కాన్ చెప్పదు.

పిల్లలమర్రిలో ఏం జరిగింది?

సూర్యాపేట జిల్లా పిల్లలమర్రి పేరు 2019 జులైలో దేశమంతా మార్మోగింది. జ్వరంతో హైదరాబాద్‌లో ఆసుపత్రిలో చేరిన 18 ఏళ్ల కుర్రాడు బ్రెయిన్ డెడ్ అయ్యాడని చెప్పారని, ఇంటికి తీసుకొచ్చి ఊళ్లో అంత్యక్రియలకు ఏర్పాట్లు చేసుకుంటుంటే కొడుకు కంట్లో నీళ్లు రావడం తల్లి గమనించిందని అప్పటి వార్తల సారాంశం. ఊళ్లో ఆర్ఎంపీ వచ్చి నాడి చూశాడు. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ చికిత్స. కుర్రాడు కోలుకున్నాడు.

"చనిపోయినవాడు లేచాడు" అనే థంబ్‌నెయిల్‌తో ఈ కథ వీడియోలుగా ఇప్పటికీ తిరుగుతోంది. అది చూసిన కుటుంబం ఐసీయూ బయట కూర్చుని "మనోడికీ అలాగే జరగొచ్చు" అని ఆశపడుతుంది. ఆ ఆశను తప్పుపట్టలేం. కానీ పైన చెప్పిన పరీక్షలన్నీ రెండుసార్లు పద్ధతిగా చేసి తేల్చిన బ్రెయిన్ డెత్ నుంచి ఎవరూ లేచి రారు. నోటిమాటగా చెప్పే "బ్రెయిన్ డెడ్" వేరు, సంతకాలతో ఉండే బ్రెయిన్ డెడ్ సర్టిఫికెట్ వేరు. ఇలాంటి వార్త కనిపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆప్నియా టెస్ట్ జరిగిందా?

ఇంకోటి. నిజంగా బ్రెయిన్ డెడ్ అయిన మనిషికి కూడా చెయ్యి లేవొచ్చు, కాలు కదలొచ్చు. అది వెన్నుపాము నుంచి వచ్చే రిఫ్లెక్స్. పక్కనున్నవాళ్లకు అది ప్రాణం వచ్చినట్టే కనిపిస్తుంది. ఐసీయూ సిబ్బంది ముందే చెప్పి ఉంచితే సగం గొడవలు రావు.

కట్లపాము కాటైతే కథ వేరు

మన మెట్ట ప్రాంతం వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇది. కట్లపాము రాత్రిళ్లు కింద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట పడిపోతుంది, ఊపిరి ఆగిపోతుంది. విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది. దాంతో కంటిపాప కూడా వెలుతురుకు కదలదు. చూడటానికి అచ్చం బ్రెయిన్ డెడ్. కానీ లోపల మెదడు బాగానే ఉంటుంది. కొందరికి మనం మాట్లాడుకునేవి వినిపిస్తూ కూడా ఉంటాయి. వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెడితే రోజుల్లో కోలుకున్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

పురుగుల మందు తాగిన కేసుల్లో, నిద్రమాత్రలు ఎక్కువైన కేసుల్లో, ఒళ్లు బాగా చల్లబడిపోయిన కేసుల్లో కూడా ఇలాగే మోసపోయే ప్రమాదం ఉంది. అందుకే బ్రెయిన్ డెత్ పరీక్షలు మొదలుపెట్టే ముందే ఇవేవీ కారణం కాదని తేల్చుకోవాలని వైద్య నియమాల్లోనే ఉంది. కారణం తెలియకుండా స్పృహ పోయిన మనిషి విషయంలో "రాత్రి ఎక్కడ పడుకున్నాడు, నేల మీదా మంచం మీదా" అన్న చిన్న సమాచారం కూడా డాక్టర్‌కు చెప్పండి.

కోర్టులో రెండు మాటలు: అరుణ కేసు

మన దేశంలో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది అరుణా షాన్‌బాగ్ కేసులో. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు. 1973 నవంబర్ 27న అదే ఆసుపత్రిలో ఆమె మీద దాడి జరిగింది. మెదడుకు ఆక్సిజన్ అందక మంచానికే పరిమితమైపోయింది. రచయిత్రి పింకీ విరానీ ఆమె తరఫున పిటిషన్ వేశారు. ఆమె చర్మం, ఎముకలుగా మిగిలిందని, మెదడు దాదాపు పనిచేయడం లేదని, ఆహారం ఆపేసి ప్రశాంతంగా పోనివ్వాలని వాదన.

ఆసుపత్రి అఫిడవిట్ పూర్తిగా వేరే మనిషి గురించి రాసినట్టు ఉంది. పెట్టిన ఆహారం తింటోంది, ముఖకవళికలతో స్పందిస్తోంది, ఒక్కోసారి మాట వింటే శబ్దాలు చేస్తోంది అని చెప్పారు. నర్సులైతే అసలు ఒప్పుకోలేదు. మేం చూసుకుంటున్నాం, చూసుకుంటాం అన్నారు.

ఇద్దరి మాటలూ కలవకపోవడంతో కోర్టు ముగ్గురు డాక్టర్లను పంపింది. వాళ్లు ఆమెను పరీక్షించిన వీడియోను కోర్టు హాల్లో వేసి చూశారు. వాళ్లు తేల్చింది ఏంటంటే, ఆమె బ్రెయిన్ డెడ్ కాదు, కోమాలోనూ లేదు, పర్మనెంట్ వెజిటేటివ్ స్టేట్‌కు ఉండాల్సిన లక్షణాల్లో చాలా వరకు ఆమెలో ఉన్నాయి. అంటే నర్సులు చూసినవీ నిజమే, పిటిషనర్ చెప్పినదాంట్లోనూ నిజం ఉంది. అవే కదలికలకు ఇద్దరూ వేర్వేరు అర్థం చెప్పారు.

2011 మార్చి 7న జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞాన్ సుధా మిశ్రా తీర్పు ఇచ్చారు. పిటిషన్ కొట్టేశారు. ఆమె తరఫున నిర్ణయం తీసుకునే హక్కు ఏళ్ల తరబడి చూసుకున్న ఆసుపత్రి సిబ్బందిదే అన్నారు. కానీ చికిత్స ఆపేయడానికి, హైకోర్టు అనుమతితో, దేశంలో మొదటిసారి దారి తెరిచింది కూడా ఈ తీర్పే. అరుణ ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయింది.

ఒక చిన్న వీడియో క్లిప్ చేసిన పని

అమెరికాలోని ఫ్లోరిడాలో టెర్రీ షైవో కేసు వీడియోలు చూసే మనలాంటివాళ్లకు బాగా పనికొస్తుంది. 1990లో గుండె ఆగి మెదడు దెబ్బతింది. ట్యూబ్ తీసేయాలని భర్త, తీయొద్దని తల్లిదండ్రులు. 2002లో ఐదుగురు డాక్టర్లు పరీక్షించారు. భర్త తరఫున ఇద్దరు, తల్లిదండ్రుల తరఫున ఇద్దరు, కోర్టు పెట్టిన ఒకరు. ఫలితం మీరు ఊహించినట్టే: ఎవరు పిలిస్తే వాళ్ల వైపు. కోర్టు పెట్టిన డాక్టర్ వెజిటేటివ్ స్టేట్ అన్నారు.

ఇంతలో టీవీల్లో ఒక క్లిప్ తిరిగింది. బెలూన్ అటూ ఇటూ తిప్పితే ఆమె కళ్లు దాని వెంట వెళ్తున్నట్టు. గంటల కొద్దీ తీసిన ఫుటేజీలోంచి కొన్ని నిమిషాలు ఏరి తీసినవి అవి. చాలాసార్లు పిలిచినా పలకని భాగం జనం చూడలేదు. స్వయానా గుండె సర్జన్ అయిన ఒక సెనేటర్ ఆ వీడియో చూసి డాక్టర్ల నిర్ధారణ మీద సెనేట్‌లో అనుమానం వ్యక్తం చేశారు. ఆ దేశ పార్లమెంటు ఆమె కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. 2005 మార్చి 31న ఆమె చనిపోయింది. పోస్ట్‌మార్టంలో మెదడు బరువు 615 గ్రాములే ఉంది, ఉండాల్సినదాంట్లో సగం. చూపుకు సంబంధించిన భాగం కూడా పోయింది. అంటే బెలూన్‌ని చూసే అవకాశమే లేదు.

ఎడిటింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఎవరికైనా ఇది తెలుసు. నాలుగు గంటల్లోంచి నాలుగు నిమిషాలు తీస్తే ఏ కథైనా చెప్పొచ్చు.

అలాగని ఇంట్లోవాళ్ల మాట కొట్టిపారేయొద్దు

షైవో కేసు చదివి "కుటుంబాలది భ్రమ" అనుకుంటే అది ఇంకో తప్పు. 2006లో ఒక పరిశోధన వచ్చింది. రోడ్డు ప్రమాదం తర్వాత వెజిటేటివ్ స్టేట్ అని తేల్చిన 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో అన్నారు. ఆరోగ్యవంతుల మెదడు ఎలా స్పందిస్తుందో ఆమెదీ అలాగే స్పందించింది. 2009లో ఇంకొకటి. మామూలు పరిశీలనతో వెజిటేటివ్ అని తేల్చిన 44 మందిని కోమా రికవరీ స్కేల్ అనే పద్ధతితో మళ్లీ పరీక్షిస్తే 18 మందికి కొంత తెలివి ఉందని తేలింది. దీనికి స్కానర్ అక్కర్లేదు. ఓపిగ్గా, పద్ధతిగా మంచం పక్కన కూర్చుని చేసే పరీక్ష ఇది. చూపు వెంబడిస్తుందా లేదా తెలుసుకోవడానికి ఇందులో వాడే వస్తువు ఒక అద్దం. తన ముఖం తనకు కనిపిస్తే కళ్లు ఎక్కువ స్పందిస్తాయట.

2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, పిలిస్తే ఏ స్పందనా కనిపించని 241 మందిలో 60 మంది మెదడు మాత్రం లోపల ఆదేశాలకు స్పందించింది. నలుగురిలో ఒకరన్నమాట. అయితే వీళ్లంతా కోలుకుంటారని దానికి అర్థం కాదు. పైగా ఇది మన జిల్లా ఆసుపత్రుల్లో రోజూ చేసే పరీక్ష కాదు.

కాలం లెక్క కూడా ముఖ్యం. గుండె ఆగి మెదడు దెబ్బతిన్న కేసుల్లో కనీసం 72 గంటలు దాటకుండా భవిష్యత్తు గురించి తేల్చొద్దంటారు. తలకు దెబ్బ తగిలినవాళ్లకు కోలుకునే గడువు ఎక్కువ, ఏడాది దాకా చూస్తారు. ఆక్సిజన్ అందక దెబ్బతిన్నవాళ్లకు అది మూడు నెలలు. 2018లో అమెరికా న్యూరాలజిస్టుల మార్గదర్శకాల్లో "పర్మనెంట్" అనే మాట తీసేసి "క్రానిక్" అని పెట్టారు. కొద్దిమందైనా ఆ గడువు దాటాక కూడా మెరుగుపడటమే దానికి కారణం.

మన చట్టం ప్రకారం ఒక్క డాక్టర్ మాట చాలదు

2018 మార్చి 9న ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా చనిపోయే హక్కు జీవించే హక్కులో భాగమే అంది. కానీ పెట్టిన రూల్స్ ఎంత కష్టంగా ఉన్నాయంటే ఆచరణలో ఎవరూ వాడలేకపోయారు. 2023 జనవరి 24న వాటిని తేలిక చేశారు.

ఇప్పుడు పద్ధతి ఇది. చికిత్స చేస్తున్న డాక్టర్‌తో పాటు కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులతో ఆసుపత్రి ప్రైమరీ బోర్డు వేయాలి. వాళ్లు అవునంటే సెకండరీ బోర్డు చూడాలి. ఇందులో జిల్లా వైద్యాధికారి, అంటే మనకు డీఎంహెచ్‌వో, నామినేట్ చేసే డాక్టర్ ఉండాలి. మొదటి బోర్డులో ఉన్నవాళ్లు ఇందులో ఉండకూడదు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. కుటుంబం ఒప్పుకోవాలి. అమలు చేసే ముందు మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వాలి. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చు, కోర్టు వేరే డాక్టర్లతో కమిటీ వేయొచ్చు. చూశారుగా, డాక్టర్లలో భేదాభిప్రాయం వస్తుందనే అంచనాతోనే ఈ రూల్ రాశారు.

ఢిల్లీ పక్కన ఘజియాబాద్‌కు చెందిన యువకుడి కేసు దీనికి అసలైన పరీక్ష. 2013లో భవనం మీంచి పడి మెదడు దెబ్బతింది. 2024లో ఢిల్లీ హైకోర్టు తల్లిదండ్రుల పిటిషన్ కొట్టేసింది. వెంటిలేటర్ మీద లేడు, ట్యూబ్ ద్వారా ఆహారమే కదా అందుతోంది అన్నది కారణం. తర్వాత సుప్రీంకోర్టు రెండు బోర్డులూ వేయించింది. కోలుకునే అవకాశం లేదని రెండూ చెప్పాయి. ట్యూబ్‌తో ఇచ్చే ఆహారం కూడా వైద్య చికిత్స కిందికే వస్తుందని చెబుతూ 2026 మార్చిలో కోర్టు అనుమతి ఇచ్చింది. 13 ఏళ్లు ఇంట్లో కొడుకును చూసుకున్న తల్లిదండ్రులు వాళ్లు.

మరి కలిగిరి కుటుంబానికి నెల్లూరులో జరిగేది ఏంటి? చాలాసార్లు బోర్డు ఉండదు, డీఎంహెచ్‌వో ఉండరు. "డాక్టర్ సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం" అనే ఫారం మీద సంతకం ఉంటుంది. తీసుకెళ్లమని చెప్పింది డాక్టరే, కాగితం మీద బాధ్యత మాత్రం కొడుకుది. అంబులెన్స్‌లో చేత్తో గాలి కొడుతూ ఇంటికి తెస్తారు. నా ఉద్దేశంలో అసలు అన్యాయం ఇదే. డబ్బు లేక తీసుకెళ్లడం ఒకటి, వైద్యం ఇక పనిచేయదని ఆపేయడం ఇంకొకటి. ఈ రెండూ ఒకే సంతకం కింద కలిసిపోతున్నాయి. ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం సరైనదేనా అని తర్వాత ఇరవై ఏళ్లు అన్నదమ్ములు మాటలు అనుకుంటూనే ఉంటారు.

చట్టంలో ఇంకో ఖాళీ కూడా ఉంది. బ్రెయిన్ డెత్‌ను మరణంగా చెప్పేది అవయవదానం చట్టమే. కుటుంబం అవయవదానం వద్దంటే వెంటిలేటర్ ఏం చేయాలన్నది ఆ చట్టంలో స్పష్టంగా లేదు. అందుకే కొన్ని చోట్ల డాక్టర్లు తటపటాయిస్తారు, బిల్లు పెరుగుతుంది. కేరళ 2020లో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది.

ఐసీయూ బయట ఉన్నవాళ్లు అడగాల్సినవి

బ్రెయిన్ డెడ్ అంటే సర్టిఫికెట్ ఎక్కడ, పరీక్షలు రెండుసార్లు చేశారా అని అడగండి. కాదంటే కోమానా, వెజిటేటివ్ స్టేటా, దెబ్బ తగిలి ఎన్ని రోజులైంది, పరీక్ష చేసినప్పుడు మత్తు మందులు ఆపారా అని అడగండి. రెండో డాక్టర్‌ను అడిగేటప్పుడు ఒక్క స్కాన్ ఫొటో కాదు, కేస్ షీట్ మొత్తం చూపించండి. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధన.

"చూస్తన్నాడు" అనిపిస్తే ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ కట్ చేయకుండా. పలికినప్పుడే కాదు, పలకనప్పుడు కూడా. తేదీ, టైమ్ రాసి పెట్టుకోండి. రోజుకు రెండు నిమిషాలు రౌండ్స్‌కు వచ్చే డాక్టర్ కంటే పక్కనే ఉండే తల్లి ఎక్కువ చూస్తుంది. ఆమె చూసింది కాగితం మీద ఉంటే బోర్డు ముందు అది కూడా ఆధారమే.

ఇక ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేసుకోగలిగేది లివింగ్ విల్. 18 ఏళ్లు నిండి, మానసికంగా బాగున్న ఎవరైనా రాయొచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. 2023కు ముందు దీనికి మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు. తన తరఫున ఎవరు నిర్ణయం చెప్పాలో పేరు కూడా అందులో రాయాలి. ఒకరి కంటే ఎక్కువ మంది పేర్లు కూడా పెట్టొచ్చు. ఒక కాపీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గర ఉంచమంటారు. ఫ్యామిలీ డాక్టర్ అంటూ లేనివాళ్లు ఆ పేర్లు ఉన్నవాళ్లకైనా ఒక కాపీ ఇచ్చి ఉంచాలి.